రివాల్వర్‌లో వదులైన మర



బందరులో, గుడివాడలో, దివిసీమ పల్లెల్లో లైసెన్సు రివాల్వర్ ఉన్న ఇళ్ళు ఎక్కువేమీ లేవు. ఉన్నవాళ్ళు కూడా దాన్ని బీరువాలోంచి తీసేది అరుదే. లైసెన్సు రెన్యువల్ వచ్చినప్పుడు, ఎన్నికల ముందు స్టేషన్‌లో అప్పగించాల్సి వచ్చినప్పుడు, ఎప్పుడైనా తుడిచి పెడదామని బుద్ధి పుట్టినప్పుడు బయటికి వస్తుంది. అలా తీసిన ఏదో ఒకరోజు చేతికి తేడా తెలుస్తుంది. కాస్త ఊపితే లోపల టిక్కుమంటుంది. సిలిండర్ తెరుద్దామంటే ఎక్కడో పట్టేస్తుంది. పిడి పక్కన స్క్రూ తల కొంచెం పైకి లేచి వేలికి గుచ్చుకుంటుంది. ఇంటాయన వెంటనే కుట్టుమిషను సొరుగు లాగి స్క్రూడ్రైవర్ కోసం వెతుకుతాడు. ఈ రోజు నేను మాట్లాడదలుచుకున్నది ఆ నిమిషం గురించి. ఆయుధాలు విప్పి, తుడిచి, బిగించే పనిలో ఉన్నవాణ్ణి. చేతికి తెలిసినంత చెబుతాను.

ముందు తూటాలు తీయాలి. ఈ మాట అందరికీ తెలుసు, అందుకే చాలామంది సగమే చేస్తారు. సిలిండర్ తెరిచి బోర్లిస్తే తూటాలు జారి పడతాయి, పని అయిపోయిందనుకుంటారు. తేమ పట్టిన ఇత్తడి తొడుగు గది గోడకు అతుక్కుని లోపలే ఉండిపోవచ్చు. ఆరు గదుల్నీ వెలుతురుకు పట్టి కంటితో చూడాలి, చిటికెన వేలి కొసతో తడమాలి. తీసిన తూటాలు అదే బల్ల మీద పెట్టకూడదు. ఇంకో గదిలో పెట్టి తాళం వేసి రావాలి. సిలిండర్ పట్టేసి అసలు తెరుచుకోకపోతే, తూటాలు లోపలే ఉన్నాయంటే, అక్కడితో మన పని ఆగిపోయింది. బలం పెట్టకూడదు, తట్టకూడదు. గొట్టాన్ని మనుషులు లేని వైపు పెట్టి, ట్రిగ్గర్‌ను తాకకుండా భద్రం చేసి, స్టేషన్‌కు ఫోన్ చేసి విషయం చెప్పాలి. వాళ్ళు చెప్పినట్టు నడుచుకోవాలి.

ఇప్పుడు ఆ పట్టేయడం సంగతి. రివాల్వర్ లోపల వదులయ్యే భాగాల్లో అన్నిటికన్నా నేర్పుగా మోసం చేసేది ఎజెక్టర్ రాడ్. పక్కకు తెరుచుకునే రివాల్వర్లలో సిలిండర్ నడుమ గుండా ముందుకు పొడుచుకు వచ్చే సన్నని కడ్డీ అది. దాన్ని వెనక్కి నొక్కితే నక్షత్రం ఆకారంలో ఉండే పలక లేచి ఖాళీ తొడుగుల్ని బయటికి నెడుతుంది. ఆ కడ్డీ నక్షత్రం కాడలోకి మరతో బిగిసి ఉంటుంది. మర ఒక్క చుట్టు వదులైనా కడ్డీ ఆ మేరకు ముందుకు పెరుగుతుంది. ముందు కొస గొట్టం కింద ఉన్న గొళ్ళెంలో కూర్చుంటుంది కాబట్టి, పెరిగిన కడ్డీ ఆ గొళ్ళేన్ని నెట్టేసి ఇరుక్కుంటుంది. సిలిండర్ తిరగదు, లేదా తెరుచుకోదు. పైకి చూస్తే ఎక్కడా ఏమీ ఊడలేదు. వదులైంది ఒకచోట, బిగుసుకుంది ఇంకోచోట. ఇంటాయన బిగుసుకున్నచోట నూనె పోసి లాగుతాడు.

స్మిత్ అండ్ వెసన్ కంపెనీ పక్కకు తెరుచుకునే రివాల్వర్‌ను మొదట తెచ్చింది 1896లో. అది .32 తూటాది. ఆ తూటానే ఇప్పటికీ మన దేశంలో లైసెన్సుదారుల రివాల్వర్లలో వాడుతున్నాం. ఆ కంపెనీ రివాల్వర్లలో కడ్డీకి చాలా దశాబ్దాల పాటు మామూలు కుడి మరే ఉండేది. వెనక నుంచి చూస్తే వాటి సిలిండర్ గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. ముందు నుంచి, అంటే గొట్టం వైపు నుంచి చూస్తే ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. కడ్డీ ముందు కొస గొళ్ళెంలో రాసుకుంటూ కొంచెం వెనకబడుతుంది. సిలిండర్ ముందుకు తిరుగుతుంటే కడ్డీ వెనకబడటం అంటే, ముందు నుంచి మనం దాన్ని ముల్లుకు ఎదురుగా తిప్పినట్టే లెక్క. కుడి మర ఊడేది అటే. పేల్చిన ప్రతిసారీ ఆరో వంతు చుట్టు తిరుగుతూ, ప్రతి తిరుగుడికీ ఒక వెంట్రుకవాసి వదులవుతూ వచ్చేది. బిగించినవాడి చేతిలో లోపం లేదు. యంత్రం తన పని తాను చేసుకుంటూనే తన మరను తానే విప్పుకుంటోంది. 1960 ప్రాంతంలో కంపెనీ ఆ మరను ఎడమ మరగా మార్చేసింది. దాంతో అదే రాపిడి, అదే తిరుగుడు, ఇప్పుడు కడ్డీని బిగిస్తాయి.

సైకిల్ బాగుచేసే కుర్రాణ్ణి అడగండి, ఈ సంగతి నాకన్నా బాగా చెబుతాడు. సైకిల్ కుడి పెడల్‌కు కుడి మర, ఎడమ పెడల్‌కు ఎడమ మర ఉంటాయి. రెండూ ఒకే మరైతే తొక్కుతూ ఉంటే ఎడమ పెడల్ ఊడి వచ్చేది. కొత్తగా పనిలో చేరినవాడు ఎడమ పెడల్‌ను మామూలు వైపు బలంగా తిప్పి, ఊడదీస్తున్నాననుకుంటూ ఇంకా బిగించేస్తాడు. రివాల్వర్ కడ్డీకీ సరిగ్గా ఇదే జరుగుతుంది. అది 1960కి ముందుదో తరవాతదో తెలియకుండా ప్లయర్ పెట్టి తిప్పితే, కుడి మర అనుకుని ఎడమ మరను చెడగొడతాం. ప్లయర్ పళ్ళు కడ్డీ మీద గాట్లు పెడతాయి. గాటు పడిన కడ్డీ సాఫీగా జారదు. వంగితే సిలిండర్ తిరిగినప్పుడల్లా ఒకచోట బరువుగా, ఒకచోట తేలిగ్గా ఉంటుంది.

తెలిసినవాడు ఎలా చేస్తాడో కూడా చెబుతాను, అక్కడి జాగ్రత్త వింటే మీకు ఈ పని మీద గౌరవం కలుగుతుంది. సిలిండర్‌ను విడదీసి, గదుల్లో ఖాళీ తొడుగులు పెడతాడు. నక్షత్రం ఆకులు ఆ తొడుగుల అంచుల మీద ఆనుకుంటాయి. అలా ఆనకపోతే, కడ్డీని బిగించే బలమంతా నక్షత్రాన్ని నిలిపి ఉంచే చిన్న శీలల మీద పడి అవి అరుగుతాయి, కొన్నిసార్లు విరుగుతాయి. కడ్డీని వైస్‌లో పట్టించేటప్పుడు రెండు పక్కలా చెక్కముక్కలో తోలుముక్కలో పెడతాడు. పాత జిడ్డును కడిగి, మరను ఆరబెట్టి, అవసరమైతే మర పట్టు మందు ఒక చిన్న చుక్క వేస్తాడు. చుక్క ఎక్కువైతే అది కారి కడ్డీని దాని గొట్టంలోనే అతికించేస్తుంది. బిగించాక సిలిండర్‌ను చెవి దగ్గర పెట్టుకుని తిప్పి వింటాడు. బిగించడానికి పట్టే సమయం తక్కువే. దానికి ముందూ వెనకా చేసేదే అసలు పని.

మన కాన్పూర్ ఆయుధ కర్మాగారంలో చాలాకాలంగా చేస్తూ వచ్చిన .32 రివాల్వర్ సంగతి వేరు. అది బ్రిటిష్ వెబ్లీ తరహాది. పక్కకు తెరుచుకోదు. గొళ్ళెం నొక్కితే నడుముకు మడిచినట్టు ముందుకు వంగుతుంది, నక్షత్రం దానంతట అదే లేస్తుంది. 2014లో వచ్చిన నిర్భీక్ అనే తేలికపాటి రివాల్వర్ కూడా ఆ కుటుంబంలోదే, బరువు అర కిలో. వీటిల్లో ఆ పొడవాటి కడ్డీ బాధ లేదు. ఇక్కడ చూడాల్సింది కీలు స్క్రూ, పైనున్న గొళ్ళెం. కీలు స్క్రూ వదులైతే గొట్టం భాగం, పిడి భాగం ఒకదానితో ఒకటి సరిగా పొసగవు. మూసి పట్టుకుని పక్కలకు కదిపితే సన్నని ఊగుడు చేతికి తెలుస్తుంది. గొళ్ళెం స్ప్రింగు బలం తగ్గితే ఇంకా ప్రమాదం, పేలే క్షణంలో రెండు సగాలూ గట్టిగా కలిసి ఉండకపోవచ్చు. ఈ రెండింటిలో ఏది కనిపించినా ఆ రివాల్వర్‌తో పేల్చకూడదు. ఒక్క తూటా కూడా.

స్క్రూలు అసలు ఎందుకు వదులవుతాయో 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు ప్రయోగం చేసి చూపించాడు. స్క్రూ పొడవు వెంబడి వచ్చే కుదుపు కన్నా, దానికి అడ్డంగా వచ్చే కుదుపు ఎక్కువ చెరుపు చేస్తుందని తేల్చాడు. అడ్డం కుదుపుకు బిగించిన రెండు ముఖాలూ ఒక్క లిప్త జారితే, మరను పట్టి ఉంచే రాపిడి ఆ లిప్తలో పోతుంది. బిగింపులో ఉన్న బలమే దాన్ని వెనక్కి తిప్పుతుంది. రివాల్వర్‌ను పక్క నుంచి చూడండి. కీలు స్క్రూ, పక్క పలక స్క్రూలు, పిడి స్క్రూ అన్నీ గొట్టానికి అడ్డంగానే ఉంటాయి. పేలినప్పుడు తన్ను గొట్టం వెంబడి వస్తుంది. అంటే ఈ స్క్రూలన్నిటికీ అది సరిగ్గా అడ్డం కుదుపే. అందుకే ఎక్కువగా పేల్చే రివాల్వర్‌కు వీటిని తరచు చూసుకోవాలి. మన ఇళ్ళల్లో ఉన్నవి పేల్చేది తక్కువ. అయినా ఇక్కడ స్క్రూలు పాడవుతున్నాయంటే కారణం వేరే ఉంది, అది మన గాలి.

మంగినపూడి, గిలకలదిండి, నాగాయలంక, హంసలదీవి. ఈ ఊళ్ళ పేర్లు చెబితేనే ఉప్పుగాలి తగులుతుంది. గుడివాడ సముద్రానికి దూరమే కానీ చుట్టూ చెరువులు, కాలవలు, వరి మళ్ళు, ఏడాది పొడుగునా తేమ. గాలిలోని ఉప్పు ఇనుము మీద కంటికి కనపడని పొరగా కూర్చుని తేమను లాక్కుంటుంది. అందుకే పైకి పొడిగా కనిపించే ఇనుము కూడా ఇక్కడ తుప్పు పడుతుంది. ఆ తుప్పు స్క్రూ మరలోకి దూరితే, తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి మర బిగుసుకుపోతుంది. ఇంకొన్ని రోజులకు మర గాళ్ళనే తినేసి వదులు చేస్తుంది. మన దగ్గర ఒకే రివాల్వర్‌లో ఒక స్క్రూ రాయిలా బిగిసి, పక్కనున్న స్క్రూ వేలితో తిరగడం చూస్తుంటాను. రెండింటికీ మూలం ఒకటే.

పాత తూటాలు వాడిన ఆయుధాలకు ఇంకో ఉప్పు కూడా తోడవుతుంది. వెనకటి కాలపు ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది మండాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, మన వంట ఉప్పుకు దగ్గర చుట్టం. అది గొట్టంలో, గదుల్లో, సిలిండర్ ముందు భాగంలో మిగిలిపోతే తేమను పిలుస్తుంది. నూనె దాన్ని కరిగించదు. నీళ్ళే కరిగించాలి. వెనకటి సిపాయిలు గొట్టంలో వేణ్ణీళ్ళు పోసి కడిగేవారు అందుకే.

తోలు సంచిలో పెట్టి దాచడం మన ఇళ్ళల్లో ఉన్న పెద్ద పొరపాటు. తోలు తేమను పీలుస్తుంది, దాన్ని ఊనడానికి వాడిన మందుల పులుపు అందులో మిగిలి ఉంటుంది. రివాల్వర్‌ను అందులో పెట్టి బీరువాలో మూసేస్తే, తోలు తగిలిన వైపే తుప్పు చుక్కలు లేస్తాయి. నడిచేటప్పుడు నడుముకు కట్టుకోవడానికే ఆ సంచి. ఇంట్లో పొడి గుడ్డ మీద పెట్టి, పక్కన తేమ పీల్చే గింజల పొట్లం ఉంచి, ఆ పొట్లాన్ని అప్పుడప్పుడు మార్చాలి. వంట నూనెలు వద్దు. కొబ్బరినూనె రాసి పెడుతున్నామని కొందరు గర్వంగా చెబుతారు. కొన్నాళ్ళకు అది చిక్కబడి, జిగురై, దుమ్ము పట్టి లోపలి స్ప్రింగుల్ని అడ్డుకుంటుంది. కుట్టుమిషనుకు వాడే పల్చని ఖనిజ నూనె కూడా పలుచగానే రాయాలి. మరల్లోకి కారేట్టు పోస్తే వదులయ్యేదానికి మనమే దారి ఇచ్చినట్టు.

1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చేసిన ఉప్పెన మనకు చరిత్ర పుస్తకంలో పాఠాలు కావు, ఇంటింటి జ్ఞాపకాలు. వేల ప్రాణాలు పోయిన చోట ఇనుము గురించి మాట్లాడటం భావ్యం కాదని తెలుసు. కానీ తుపానులు ఇంకా వస్తాయి కాబట్టి చెప్పాలి. ఉప్పునీటిలో మునిగిన ఆయుధాన్ని పైపైన తుడిచి బీరువాలో పెట్టకండి. లోపలికి నీరు పోయిందంటే పక్క పలక విప్పి, మంచినీటితో కడిగి, ఆరబెట్టి, నూనె పెట్టాల్సిందే. ఆ పని లైసెన్సున్న మరమ్మతుదారుడే చేయాలి, అదీ వీలైనంత త్వరగా. ముందు పోలీసు స్టేషన్‌లో విషయం చెప్పండి.

ఇప్పుడు అసలు చిక్కు. మన ప్రాంతంలో చేతి పనితనానికి లోటు లేదు. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ పనివాళ్ళు కమ్మల శీలలకు కట్టే మరలు చూడండి, గోటి మీద పట్టేంత సన్నవి. బందరులో 1926లో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ ప్రయోగశాలల కోసం పరికరాలు చేసింది. 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ దాన్ని తీసుకున్నాక అక్కడ సైన్యానికి రాత్రివేళ చూపునిచ్చే సాధనాలు తయారవుతున్నాయి. గుడివాడ నుంచి బందరు వచ్చే దారికి దగ్గర్లో, పామర్రు మండలం నిమ్మలూరులోనూ ఆ సంస్థ పని విస్తరించింది. అద్దాలను కదలకుండా పట్టి ఉంచే మరలు ఎలాంటివో తెలిసిన చేతులు మన మధ్య ఎన్నో ఉన్నాయి. అందుకే లైసెన్సుదారు తెలిసిన లేత్ షాపుకు పోయి, “బాబాయ్, ఇదొక్కటి బిగించి పెట్టు, నీకెంతసేపు” అంటాడు. బాబాయికి నిజంగానే ఎంతోసేపు పట్టదు. మొహమాటానికి కాదనలేడు కూడా.

ఆ ఒక్క మాటతో ఇద్దరూ చిక్కులో పడతారు. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం తుపాకులు తయారు చేయడానికి, అమ్మడానికి లైసెన్సు ఎలా కావాలో మరమ్మతు చేయడానికీ అలాగే కావాలి. మరమ్మతు అనే మాట ఆ సెక్షనులో స్పష్టంగా ఉంది. 2019లో చట్టాన్ని సవరించాక, ఈ సెక్షనును మీరితే శిక్ష ఏడేళ్ళకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. కొడుకు చదువుకి, కూతురి పెళ్ళికి రూపాయి రూపాయి కూడబెట్టుకునే లేత్ షాపు మనిషిని, మన బద్ధకం కోసం అలాంటి సెక్షను ముందు నిలబెట్టడం అన్యాయం. నేను ఇంత గట్టిగా చెబుతున్నది అందుకే. ఆయన మీద మీకున్న నమ్మకం నిజమే కావచ్చు, ఆయన పనితనమూ నిజమే కావచ్చు. కానీ ఆయుధం చేతులు మారిన ప్రతిసారీ ఆ చెయ్యి ఎవరిదో కాగితం మీద ఉండాలని చట్టం అడుగుతోంది.

ఈ చట్టానికి ముందున్న 1878 నాటి చట్టం వేరే రకం. లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు తెచ్చారు. భారతీయుడు ఆయుధం పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి, యూరోపియన్లకు అక్కర్లేదు. మన పెద్దలు దాన్ని అవమానంగా భావించి పోరాడారు. 1959 చట్టం మనకు మనం రాసుకున్నది, అందరికీ ఒకటే. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెరిగింది. గడువు పెరగడంతో ఒక చిన్న నష్టం జరిగిందని నాకనిపిస్తుంది. వెనక మూడేళ్ళకోసారైనా ఆయుధం వెలుతురు చూసేది. ఇప్పుడు అయిదేళ్ళు బీరువాలోనే పడుండే అవకాశం ఉంది. మన ఉప్పుగాలికి అయిదేళ్ళు చాలా ఎక్కువ.

ఇంట్లో మీరు చేయగలిగింది, చేయాల్సింది చూడటం. తూటాలు లేవని ఖాయం చేసుకున్నాక సిలిండర్‌ను నెమ్మదిగా తిప్పండి, ఆరు గదుల దగ్గరా ఒకేలా ఆగుతోందా గమనించండి. మామూలుగా ఉన్నప్పుడు సిలిండర్‌లో కొంచెం ఊగుడు ఉండటం తప్పు కాదు, పూర్తిగా బిగుసుకుని ఉంటే కాస్త మట్టి పడినా తిరగదు. సందేహపడాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. పేల్చినప్పుడు పక్కకు సీసం తునకలు చిమ్మడం వాటిలో ముఖ్యమైనది. గది, గొట్టం ఒక వరసలో నిలబడటం లేదన్న మాట. సిలిండర్‌ను తిప్పే కొక్కెం అరిగినా, నిలిపే మెట్టు అరిగినా అలా జరుగుతుంది. ఆ అరుగుదలను ఏ స్క్రూ బిగించీ సరిచేయలేం. ట్రిగ్గర్ వదిలాక పూర్తిగా ముందుకు రాకపోవడం ఇంకో గుర్తు. స్ప్రింగు విరిగి ఉండవచ్చు, జిడ్డు గట్టి ఉండవచ్చు. చాలా పాత రివాల్వర్లలో హ్యామర్‌కూ ప్రైమర్‌కూ మధ్య అడ్డు ఉండదు. అలాంటివి కింద పడితే పేలవచ్చు, అందుకే హ్యామర్ కింది గదిని ఖాళీగా ఉంచే అలవాటు వచ్చింది.

స్క్రూడ్రైవర్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. బజారులో దొరికే స్క్రూడ్రైవర్ కొస ఉలిలా ఏటవాలుగా ఉంటుంది. తుపాకీ స్క్రూ గాడి గోడలు నిటారుగా ఉంటాయి. ఏటవాలు కొస గాడి పై అంచు మీద మాత్రమే ఆని, బలం పెట్టగానే జారి అంచు తింటుంది. జారిన కొస పక్క పలక మీద గీత పెడుతుంది. ఆ గీతలో మరుసటి వానాకాలానికి తుప్పు పడుతుంది. గాడికి అడ్డంగా, నిలువుగా సరిగ్గా సరిపోయే కొసను మరమ్మతుదారుడు సానబెట్టి తయారు చేసుకుంటాడు. మీ రివాల్వర్‌లో స్క్రూ తలలు నలిగి ఉన్నాయంటే, ఇంతకుముందే ఎవరో దాన్ని ఇంట్లో విప్పారని ఆయనకు చూడగానే తెలిసిపోతుంది.

లైసెన్సున్న డీలరు దగ్గరికి వెళ్ళేటప్పుడు లైసెన్సు పుస్తకం వెంట ఉండాలి. తూటాలు రివాల్వర్‌లో ఉండకూడదు. ఆయన లైసెన్సులో మరమ్మతుకు అనుమతి ఉందో లేదో అడగండి, కొందరికి అమ్మకానికే ఉంటుంది. అలా అడగడం అమర్యాద కాదు. అప్పగించినందుకు రసీదు తీసుకోండి, దాని మీద ఆయుధం నంబరు మీ పుస్తకంలోని నంబరుతో సరిపోల్చండి. ఎప్పుడు పట్టేసింది, ఎన్నో గది దగ్గర ఆగింది, చివరిసారి ఎప్పుడు పేల్చారు అన్నవి ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. తీసుకునేటప్పుడు ఏం విప్పారో, ఏ భాగం మార్చారో రాయించుకోండి. మారిన భాగం పాతది మీకు చూపించమనండి.

ఎన్నికల ముందు స్టేషన్‌లో అప్పగించే ఆయుధాలకూ ఈ జాగ్రత్తే వర్తిస్తుంది. 2024లో మన రాష్ట్రంలో మే 13న పోలింగు జరిగింది, ఓట్ల లెక్కింపు జూన్ 4న. అంటే వేసవిలో లోపలికి వెళ్ళిన ఆయుధం తొలకరి తేమలో బయటికి వచ్చింది. ఇచ్చేటప్పుడు తోలు సంచిలో కాకుండా, పలుచగా నూనె రాసి పొడి గుడ్డలో చుట్టి ఇవ్వండి. తెచ్చుకున్న రోజే గుడ్డ తీసి చూడండి, స్క్రూ తలలు, కీలు, గొళ్ళెం, సిలిండర్ ఆగే తీరు అన్నీ. ఏదైనా తేడా ఉంటే తూటాలు ముట్టకుండా, ముందు డీలరుకు ఫోన్ చేసి ఏ రోజు తీసుకురమ్మంటారో అడగండి.